సేతులు అని రాస్తే సేతులు అనే అచ్చెయ్యండి

తెలుగు పత్రికల్లో కథలు చూసే సంపాదకులకు, కథల పోటీల న్యాయనిర్ణేతలకు,

నమస్కారం.

ఈ ఉత్తరం ఎక్కువగా ఒక అమెరికా రచయిత్రి గురించి. ఆవిడ పోయి అరవై ఏళ్లు దాటింది. మీకెందుకు చెబుతున్నానంటే, 1931 ప్రాంతంలో న్యూయార్క్‌లో ఒక ప్రచురణ సంస్థ ఆవిడతో అన్న మాటే కిందటేడు మీలో ఒకరు నాతో ఫోన్‌లో అన్నారు. విషయం బాగుంది, కాకపోతే ఆ యాస తీసేసి మంచి భాషలో రాసివ్వండి అని. ఆవిడ కుదరదంది. నేను సరే అన్నాను. సరే అనడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. అప్పటినుంచీ ఆవిడ నన్ను వదలడం లేదు.

ఆవిడ పేరు జోరా నీల్ హర్‌స్టన్. 1891 జనవరి 7న అలబామాలో నోటసల్గా అనే చోట పుట్టింది. పసిపిల్లగా ఉండగానే కుటుంబం ఫ్లోరిడాలోని ఈటన్‌విల్‌కి మారింది. అది 1887లో నల్లజాతి వాళ్లు తమకోసం తామే ఏర్పాటు చేసుకున్న ఊరు. మేయరూ వాళ్లే, పోలీసూ వాళ్లే. జోరా తండ్రి వడ్రంగి, చర్చిలో బోధకుడు, కొన్నాళ్లు ఆ ఊరి మేయరు కూడా. ఊరి మధ్యలో జో క్లార్క్ అనే ఆయన కొట్టు ఉండేది. పొద్దువాలేసరికి మగాళ్లంతా ఆ కొట్టు అరుగు మీద చేరి కథలు చెప్పుకునేవారు. ఆ కథలకి వాళ్లు పెట్టుకున్న పేరు అబద్ధాలు. ఒకడు ఒక అబద్ధం చెబితే పక్కవాడు దాన్ని తలదన్నేది ఇంకోటి చెప్పాలి. మన రచ్చబండ మీద కోతలు కోసుకున్నట్టే. ఆడపిల్ల అక్కడ నిలబడి వినకూడదు. ఈ పిల్లని కొట్టుకి పంపితే కాళ్లీడ్చుకుంటూ వెళ్లి, కాళ్లీడ్చుకుంటూ వచ్చేది, నాలుగు ముక్కలైనా చెవిన పడతాయని. నిజాయితీ గల రచయిత్రి అని నేననుకునే ఆవిడ ఓనమాలు దిద్దుకున్నది అబద్ధాల అరుగు దగ్గర.

1904లో తల్లి లూసీ చనిపోయింది. జోరాకి పదమూడేళ్లు. మనిషి పోయేటప్పుడు తల కింద దిండు లాగేయడం, గడియారానికీ అద్దానికీ గుడ్డ కప్పడం ఆ ఊళ్లో ఆచారం. తనకి అవేవీ చెయ్యనివ్వొద్దని తల్లి కూతురి దగ్గర మాట తీసుకుంది. తీరా ఆ సమయం వచ్చేసరికి గదినిండా పెద్దవాళ్లు. పిల్ల అడ్డం పడబోతే తండ్రి కదలకుండా పట్టుకున్నాడు. దిండు తీసేశారు, అద్దానికి గుడ్డ కప్పారు. అమ్మ నన్ను తన గొంతు అనుకుంది, నేను ఆ గొంతు కాలేకపోయాను అన్న అర్థంలో చాలా ఏళ్ల తర్వాత తన ఆత్మకథలో రాసుకుంది. నాకు ఆవిడ మొత్తం జీవితంలో ఈ గది దగ్గరే ఎక్కువసేపు ఆగిపోవాలనిపిస్తుంది.

తర్వాత ఇల్లు చెదిరింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. పిల్లని చదువుకి పంపిన చోట ఫీజు అందలేదు. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ఈ ఇంట్లో పనిమనిషి, ఒక నాటక బృందంలో నటికి బట్టలు సర్దే పని. 1917లో బాల్టిమోర్ చేరేటప్పటికి ఇరవై ఆరేళ్లు. ఉచితంగా హైస్కూల్లో కూర్చోబెట్టే వయసు ఎప్పుడో దాటిపోయింది. ఏం చేసిందో తెలుసా? తాను 1901లో పుట్టానని చెప్పింది. పదేళ్లు ఒక్క వేటుకి కొట్టేసి, పదహారేళ్ల పిల్లల మధ్య బెంచీ మీద కూర్చుంది. ఆ అబద్ధం చచ్చేదాకా దిద్దుకోలేదు.

దీన్ని తప్పని అనలేకపోతున్నాను. మీరు అనగలిగితే అనండి.

హోవర్డ్ యూనివర్సిటీలో చదువుతూ వాషింగ్టన్‌లో తెల్లవాళ్లు వచ్చే క్షౌరశాలలో గోళ్లు తీర్చే పని చేసింది. 1925 జనవరిలో డాలరున్నర డబ్బుతో న్యూయార్క్‌లో దిగింది. ఆ మే నెలకే ఒక కథల పోటీలో రెండో బహుమతి, ఆ ఏడాదే బర్నార్డ్ కాలేజీలో సీటు. కాలేజీ మొత్తానికి నల్లజాతి విద్యార్థిని తనొక్కతే. అక్కడ ఫ్రాంజ్ బోయాస్ దగ్గర మానవశాస్త్రం నేర్చుకుంది. మీ ఊరి కథలే సేకరించుకు రా అని 1927లో ఆయన ఫ్లోరిడా పంపాడు.

వెళ్లింది, బోల్తా పడింది. పుట్టి పెరిగిన నేల మీద నిలబడి బర్నార్డ్ ఇంగ్లీషులో, అయ్యా, తమకు జానపద కథలేమైనా తెలుసునా అని అడిగింది. వాళ్లు తలలు అడ్డంగా ఊపారు. మాకేం తెలుసమ్మా, పక్క ఊళ్లో అడిగి చూడు అన్నారు. మనవాళ్లు కూడా పట్నం నుంచి ప్యాంటు వేసుకుని వచ్చి నోట్‌బుక్ తీసినవాడికి ఇదే చెబుతారు. ఈ తడబాటు గురించి ఆవిడ తర్వాత నవ్వుతూ రాసింది. నవ్వకుండా దాచిపెట్టింది ఇంకోటుంది.

ఆ ప్రయాణంలోనే అలబామాలోని మొబీల్ పట్నం పక్కన ఆఫ్రికాటౌన్‌లో ఒక ముసలాయన్ని కలిసింది. ఆయన అసలు పేరు కొసోలా. అమెరికాలో కడ్జో లూయిస్ అనేవారు. పడమటి ఆఫ్రికాలో, ఇప్పటి బెనిన్ దేశంలో పుట్టాడు. పంతొమ్మిదేళ్ల వయసులో దహోమీ రాజు సేన తెల్లవారుజామున ఊరి మీద పడి, నరికినవాళ్లని నరికి, మిగిలినవాళ్లని సముద్రం ఒడ్డుకి తోలుకుపోయింది. బానిసల్ని కొని తేవడం 1808 నుంచే అమెరికాలో నిషేధం. అయినా 1860లో క్లోటిల్డా అనే ఓడలో నూటపది మంది దాకా దొంగచాటుగా మొబీల్‌కి తెచ్చారు. సాక్ష్యం ఉండకూడదని ఓడని తగలబెట్టి ముంచేశారు. ఆ శిథిలం ఆ ఓడదేనని 2019లో గానీ తేలలేదు. అలా వచ్చినవాళ్లలో అప్పటికింకా బతికున్న కొద్దిమందిలో కొసోలా ఒకడు.

జోరా ఆయనతో మాట్లాడి వచ్చింది. 1927 అక్టోబర్‌లో ఒక చరిత్ర పత్రికలో వ్యాసం వచ్చింది, కడ్జో సొంత కథ అన్న పేరుతో. అందులో చాలా భాగం సొంతం కాదు. 1914లో అచ్చయిన ఎమ్మా లాంగ్డన్ రోష్ అనే ఆవిడ పుస్తకంలోంచి ఎత్తుకొచ్చింది. ఈ సంగతి 1972లో గానీ ఒక భాషా శాస్త్రవేత్త కంట పడలేదు. జోరా జీవితచరిత్ర రాసిన హెమన్‌వే లెక్కపెట్టి చూస్తే 67 పేరాల్లో పూర్తిగా ఆవిడవి 18. అభిమానులు దీనికి రకరకాల కారణాలు చెబుతారు. ముసలాయన సరిగ్గా మాట్లాడి ఉండడు, గడువు టెన్షన్ అయి ఉంటుంది, డబ్బిచ్చినవాళ్లకి ఏదో ఒకటి చూపించాలి కదా అని. అవన్నీ నిజమే కావచ్చు. దొంగతనం దొంగతనమే.

నాకు కావాల్సింది ఆ తర్వాత జరిగింది. ఆ వ్యాసాన్ని ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ అడగలేదు. మామూలు మనిషయితే ఆ ముసలాయన ఇంటివైపు మళ్లీ చూడడు. ఆవిడ చూసింది. ఏడాది తిరగకుండా మళ్లీ వెళ్లింది. ఈసారి మూడు నెలల పాటు, ఆయన రమ్మన్నప్పుడల్లా.

ఒకరోజు బుట్టెడు పీచ్ పళ్లు పట్టుకెళ్లింది, ఇంకోరోజు పంది మాంసం, ఇంకోరోజు పురుగుల మందు పొడి. కొన్ని రోజులు ఇద్దరూ అరుగు మీద కూర్చుని పుచ్చకాయ తిన్నారు, కథ ఏమీ నడవలేదు. కొన్ని రోజులు ఆయన, తోటలో పనుంది, ఇవాళ కాదు, వెళ్లిపో అన్నాడు. వెళ్లిపోయింది. ఆయన చర్చి ఊడవాలంటే కారులో దింపింది. మొదటిరోజు కొసోలా అని అసలు పేరుతో పిలిచేసరికి ఆయన కళ్లు నీళ్లు తిరిగాయట. ఆయన భార్యా పోయింది, ఆరుగురు పిల్లలూ పోయారు. సముద్రం ఇవతల ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఫొటో తీస్తానంటే లోపలికెళ్లి ఉన్నవాటిలో మంచి సూటు వేసుకుని వచ్చాడు, బూట్లు మాత్రం తీసేశాడు. ఆఫ్రికాలో ఉన్నట్టు కనపడాలట. తనవాళ్ల సమాధుల మధ్యే తీయమన్నాడు. సూటు, ఉత్తి కాళ్లు, చుట్టూ సమాధులు. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది.

అలా వినగా వినగా 1931కి పుస్తకం తయారైంది. పేరు బారకూన్. ఓడ ఎక్కించేదాకా మనుషుల్ని కుక్కి ఉంచే కొట్టాలకి ఆ పేరు. మొదట్లోనూ మధ్యమధ్యలోనూ నాలుగు ముక్కలు తప్ప పుస్తకమంతా కొసోలా మాట్లాడతాడు, ఆయన మాట్లాడినట్టే. పంతొమ్మిదేళ్లకి చెవిన పడ్డ ఇంగ్లీషు, పొలంలో నేర్చుకున్న ఇంగ్లీషు, సగం అక్షరాలు మింగేసిన ఇంగ్లీషు. మొదట్లో చెప్పిన ఆ న్యూయార్క్ ప్రచురణ సంస్థ, వైకింగ్ ప్రెస్, చూసి, ఇది మామూలు భాషలోకి మారిస్తే ఆలోచిస్తామంది. మార్చనంది. అంతే, ఇంకెవరూ వేయలేదు. రాతప్రతి హోవర్డ్ యూనివర్సిటీ అరల్లో పడి ఉంది. 2018 మేలో అచ్చయింది. ఎనభై ఏడేళ్లు.

ఆవిడేమీ డబ్బున్న మనిషి కాదని గుర్తుపెట్టుకోండి. ఆ తిరుగుళ్లకి నెలకి 200 డాలర్లు, ఒక కెమెరా ఇచ్చింది షార్లెట్ ఆస్‌గుడ్ మేసన్ అనే తెల్ల ధనవంతురాలు. తనని గాడ్‌మదర్ అని పిలిపించుకునేది. ఒప్పందం ప్రకారం జోరా సేకరించింది ఏదైనా మేసన్ సొత్తు, ఆవిడ అనుమతి లేకుండా వాడకూడదు. ఆ గాడ్‌మదర్‌కి జోరా రాసిన ఉత్తరాల్లో పొగడ్తలు చదువుతుంటే నాకే ఇబ్బందిగా ఉంటుంది. పోషకురాలి ముందు వంగింది, వయసు దాచింది, 1942లో వచ్చిన ఆత్మకథలో ప్రచురణకర్తలు వద్దన్న రాజకీయాలు తీసేయడానికి ఒప్పుకుంది. తన విషయానికి వచ్చేసరికి ఎన్ని మెట్లయినా దిగింది. కొసోలా నోట్లో మాట మార్చమంటే మాత్రం దిగలేదు. ఎందుకో నేను చెప్పలేను గానీ, ఆ పదమూడేళ్ల పిల్లా, ఆ దిండూ గుర్తొస్తాయి.

ఇక్కడ మీరు ఒక మాట అడుగుతారని తెలుసు. యాసలో రాస్తే జనం నవ్వుతారు, ఆ మనుషుల్ని మేమే నవ్వులపాలు చేసినట్టు అవుతుంది అని. ఇది చిన్న ప్రశ్న కాదు. 1937లో జోరా నవల అచ్చయినప్పుడు సాటి నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ సరిగ్గా ఇదే అన్నాడు. తెల్లవాళ్లని నవ్వించడానికి ముఖానికి మసి పూసుకుని ఆడే పాత నాటకాల బాపతు ఇది అని కొట్టిపారేశాడు. ఆయన కోపానికి కారణం ఉంది. మనకి మాత్రం లేదా? ఎన్నేళ్లు మన సినిమాల్లో శ్రీకాకుళం యాస పనివాళ్లకీ, తెలంగాణ యాస రౌడీలకీ, కమెడియన్లకీ మాత్రమే దక్కింది? హీరో ప్రేమలో పడ్డా, తల్లి ఏడ్చినా కృష్ణా జిల్లా భాషే. అందుకే జనానికి యాస వినపడగానే నవ్వడం అలవాటైంది. దానికి మందు యాసని ఏడుపులోంచి కూడా తీసేయడమా? కొసోలా తన పిల్లలు ఒక్కొక్కరే ఎలా పోయారో చెప్పే పేజీలు చదివి ఎవరైనా నవ్వితే నాకు చూపించండి.

ఇక నా సంగతి. మాది పలాస దగ్గర పల్లె. మా వీధిలో ఒకావిడ ముప్ఫై ఏళ్లు జీడి పిక్కలు కొట్టింది. మేమంతా మామ్మ అనేవాళ్లం. పిక్క కొట్టినప్పుడు పెంకులోంచి నల్లటి నూనె వస్తుంది, తగిలినచోట చర్మం పొక్కుతుంది. చేతులకి బూడిద పూసుకుని కొడతారు. పప్పు విరగకుండా గుండుగా రావాలి, విరిగితే కూలి తగ్గుతుంది, కాబట్టి వేళ్లకి గుడ్డ కట్టుకుంటే కుదరదు. మామ్మ వేళ్ల మీద గీతలు లేవు. ఆధార్ యంత్రం మీద నాలుగుసార్లు వేలు పెట్టించినా రాలేదు. ఆవిడ నాతో అన్నది ఇది: "సేతులు కాల్తే ఓర్సుకోవొచ్చమ్మా. ఆ సేతుల్తో పచ్చడి మెతుకులు కలుపుకోడవే ఓర్సుకోనేము."

నా కథంతా ఆ మాట చుట్టూ రాసుకున్నాను. ఫోన్ వచ్చింది. నేను సరే అన్నాను. అచ్చులో ఇలా ఉంది: "చేతులు కాలిన బాధను భరించవచ్చు. కానీ అవే చేతులతో భోజనం చేయడం వర్ణనాతీతమైన బాధ."

పచ్చడి మెతుకులు ఎక్కడికి పోయాయి? మామ్మ శుభ్రంగా వర్ణించి చెప్పినదాన్ని మీరూ నేనూ కలిసి వర్ణనాతీతం చేశాం. మీ ఒక్కరి తప్పని అనడం లేదు. దిద్దింది నేనే, నా చేత్తోనే. పత్రికలో పేరు చూసుకోవాలన్న ఆశ.

పత్రిక పట్టుకుని మామ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడకి చదువు రాదు. మనవరాలు గట్టిగా చదివి వినిపించింది. మామ్మ బుద్ధిగా విన్నది. చివర్లో "బాగుందమ్మా" అన్నది. కాసేపాగి అడిగింది: "ఎవుల్దీ కత?"

ఆ రాత్రే కాదు, చాలా రాత్రుళ్లు నిద్ర పట్టలేదు. బారకూన్ చదవడం ఆ తర్వాతే. ఒక పేజీ తెలుగులోకి తెచ్చుకుని చూద్దామని కూర్చున్నాను కూడా. కొసోలా చేత మా పలాస యాస మాట్లాడిస్తే అలబామా ముసలాయనకి పంచె కట్టినట్టుంది. మీకు నచ్చే భాషలో రాస్తే వైకింగ్ వాళ్లు అడిగిందే చేసినట్టుంది. ఆ పేజీ ఇంకా సగంలోనే ఉంది. మీలో ఎవరికైనా దారి తెలిస్తే చెప్పండి, ఇది ఎత్తిపొడుపు కాదు.

ప్రతి ఆగస్టు 29కి మీరందరూ గిడుగు రామమూర్తి గారి మీద వ్యాసాలు వేస్తారు, సభలు పెడతారు. ఆయనది మా జిల్లానే. ఆయన వాడుక భాష కోసం పోట్లాడారని చెబుతారు, బాగానే ఉంది. పర్లాకిమిడిలో ఉండగా సవరల భాష సవరల నోటే విని నేర్చుకుని, వాళ్ల భాషకి వ్యాకరణం రాశారనేది మాత్రం ఒక వాక్యంలో దాటేస్తారు. ఆ వ్యాకరణం అచ్చయింది 1931లో. అదే ఏడు అక్కడ కొసోలా మాట వెనక్కి తిరిగి వచ్చింది.

జోరా చివరి రోజుల గురించి ఎక్కువ చెప్పను. 1950లో, అప్పటికే ఎన్నో పుస్తకాలు అచ్చయిన రచయిత్రి, మయామీలో ఒకరింట్లో పనిమనిషిగా చేస్తూ పత్రికల కంట పడింది. 1960 జనవరి 28న ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్‌లో, దిక్కులేనివాళ్లు ఉండే ఆశ్రమంలో పోయింది. చందాలేసి పూడ్చారు, రాయి పెట్టలేదు. ఆవిడ కాగితాలు మంటలో వేస్తుంటే, అటుగా వెళ్తున్న ఒక పోలీసు అధికారి చూసి మంట ఆర్పేశాడు. మిగిలింది ఆ మిగిలిందే. 1973లో రచయిత్రి ఆలిస్ వాకర్ ఆ శ్మశానంలో నడుమెత్తు కలుపులో వెతికి, ఇక్కడే ఉండొచ్చు అనుకున్న చోట రాయి పెట్టించింది. ఊళ్లోవాళ్లు వివరాలు చెప్పాలని, నేను ఆవిడ మేనకోడలిని అని అబద్ధం చెప్పింది. రాయి మీద పుట్టిన సంవత్సరం 1901 అని చెక్కించింది. అంటే బాల్టిమోర్ స్కూల్లో చెప్పిన అబద్ధం రాయిలోకి ఎక్కి ఇప్పటికీ అక్కడే ఉంది. అరుగు మీద మగాళ్లు ఉండి ఉంటే మెచ్చుకునేవాళ్లు.

మిమ్మల్ని అడిగేది పెద్దదేం కాదు. కథలో ఒక మనిషి మాట్లాడుతుంటే ఆ మాట దిద్దకండి. అర్థం కాకపోతే రాసినవాళ్లని అడగండి, మేం మాట్లాడినవాళ్లని అడిగి వస్తాం. పోటీల ప్రకటనల్లో సరళమైన ప్రామాణిక భాషలో ఉండాలి అన్న నిబంధన సంభాషణలకి వర్తించదని ఒక ముక్క చేర్చండి. కథ నచ్చకపోతే తిప్పి పంపండి, అది మీ హక్కు. నచ్చి, మనిషిని మాత్రం మార్చమనకండి.

నా కథ మళ్లీ పంపుతున్నాను, ఆ పత్రికకే. అచ్చయిన కథ మళ్లీ వేయరని తెలుసు. సవరణ కింద వేసుకోండి, ఒక్క వాక్యమైనా సరే. మామ్మకి డెబ్బై ఎనిమిదేళ్లు. మనవరాలు పదో తరగతి, బాగా చదువుతుంది. పంపిన కాగితం మీద సేతులు అని ఉన్నచోట ఎర్ర సిరాతో సున్నా చుట్టకుండా ఉంటే చాలు.

ఇట్లు,
పలాస నుంచి మీ పాఠకురాలు